గేర్‌బాక్స్ వేడి చూడ్డానికి ఏది కొనాలి: డాంగిలా, గేజా, టెంపరేచర్ గన్నా?

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్న కారులో ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది. అదే సమయానికి గేర్‌బాక్స్‌లో ఆయిల్ 120 డిగ్రీలు దాటినా ఆ ముల్లు కదలదు. అది చూపించేది కూలెంట్ వేడి, గేర్‌బాక్స్ సంగతి దానికి పట్టదు. మన రోడ్ల మీద తిరిగే ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఉండే ఆయిల్) వేడి చూపే మీటరు లేదు. మహా అయితే ఒక వార్నింగ్ లైటు ఉంటుంది, అది వెలిగేసరికి ఆయిల్‌కు తగలాల్సిన దెబ్బ కొంత తగిలే ఉంటుంది.

విడిగా చూసుకునే మార్గాలు నాలుగైదు ఉన్నాయి. కొద్ది వేల రూపాయల్లోపే తేలిపోయేది ఒకటైతే, ఛాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి వెల్డింగ్ చేయించాల్సింది మరొకటి. ఎక్కువమందికి చవకదే చాలు. మిగతావాళ్ళకు ఎందుకు చాలదో తెలియాలంటే ముందు వేడి ఎక్కడ పుడుతుందో తెలియాలి.

అసలు మీ బండిలో ఏటీఎఫ్ ఉందా?

క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ ఆటోమేటిక్ అనేస్తాం. కానీ స్విఫ్ట్, వ్యాగనార్, టియాగోల్లో వచ్చే ఏఎంటీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన కాలూ చెయ్యీ బదులు యంత్రం చేస్తుంది. దాంట్లో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లేదు, చూడాల్సిన ఏటీఎఫ్ వేడీ లేదు. ఘాట్‌లో దానికొచ్చే కష్టం క్లచ్ ప్లేటు కాలడం, ఆ వాసన ముక్కుకే తెలుస్తుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల 7 స్పీడ్ డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు పొడి క్లచ్‌ల బాక్సు), హ్యుందాయ్, కియాల చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లతో వచ్చే 7 స్పీడ్ డీసీటీ కూడా ఈ కోవలోవే. కొన్ని యాప్‌లు వీటికి ‘క్లచ్ టెంపరేచర్’ అని ఒక అంకె చూపిస్తాయి. అది కంప్యూటర్ అంచనా వేసిన క్లచ్ వేడి, ఆయిల్ వేడి కాదు. ఈ బళ్ళవాళ్ళు కింద చెప్పినవేవీ కొనక్కర్లేదు.

ఎర్టిగా, బ్రెజ్జాల పాత 4 స్పీడ్, 2022 నుంచి వస్తున్న 6 స్పీడ్ బాక్సులు, ఇన్నోవా క్రిస్టా డీజిల్ ఆటోమేటిక్, క్రెటా డీజిల్ ఆటోమేటిక్, ఎక్స్‌యూవీ 700 లాంటివి టార్క్ కన్వర్టర్ బళ్ళు. ఇదంతా ప్రధానంగా వాటి గురించే. హోండా సిటీ లాంటి సీవీటీలకూ (గేర్ల బదులు బెల్టుతో నడిచేవి), ఆల్ట్రోజ్ డీసీఏ లాంటి వెట్ క్లచ్ (క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే) బాక్సులకూ చూసే పద్ధతి ఇదే, పోసే ఆయిల్ మాత్రం వేరు. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి బాక్సు పాడవుతుంది.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ తిప్పే ఫ్యాను ఆయిల్‌ను చిమ్మితే, ఆ ఆయిల్ తాకిడికి ఎదుటి ఫ్యాను తిరుగుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగనంతసేపూ ఆ తేడా వల్ల వృథా అయ్యే బలం వేడిగా ఆయిల్‌లోకే పోతుంది. వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ రెండింటినీ బిగించి పట్టేస్తుంది, వేడి పుట్టడం దాదాపు ఆగిపోతుంది. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు హైవే మీద 80 - 90 వేగంతో పోయే బండిలో ఏటీఎఫ్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య కదలకుండా కూర్చోవడానికి కారణం అదే. బండి నిండా మనుషులు, పైన సామాను, ఎదర సిమెంటు లారీ, 20 వేగం, ఎత్తు రోడ్డు కలిసొచ్చిన చోట లాకప్ పడదు. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళే ఘాట్ అచ్చంగా అలాంటిది. సీతంపేట ఏజెన్సీ రోడ్లలో ఎత్తులు పొట్టివి, మధ్యలో ఆయిల్‌కు ఊపిరి తీసుకునే వీలుంటుంది. సిరిమాను ఉత్సవం రోజు విజయనగరంలో గంటసేపు పాకే ట్రాఫిక్‌ను చాలామంది తలుచుకుని భయపడతారు గానీ, ఐడిల్‌లో ఇంజిన్ ఇచ్చే బలమే తక్కువ కాబట్టి పుట్టే వేడీ తక్కువే. ఎక్కువసేపు ఆగితే న్యూట్రల్‌లో పెట్టండి, సరిపోతుంది.

ఓబీడీ డాంగిల్: ఎక్కువమందికి ఇదే

స్టీరింగ్ కింద ఓబీడీ అనే 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, బండి కంప్యూటర్లలోని అంకెలు బయటికి వచ్చేది అక్కడే. దాంట్లో గుచ్చితే ఆ అంకెలను ఫోన్‌కు పంపే చిన్న పరికరమే డాంగిల్. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు ఆయిల్ వేడి ఎప్పుడూ తెలుసు. గేర్లు ఎప్పుడు మార్చాలో, లాకప్ ఎప్పుడు పట్టాలో అది నిర్ణయించుకునేది ఆ అంకె చూసుకునే. ఆయిల్‌ను లోపలి దారులకు పంచే వాల్వ్ బాడీ దగ్గర ఆయిల్‌లో మునిగి ఉండే, వేడి కొలిచే చిన్న థర్మిస్టర్ దానికి ఆ కబురు చెబుతుంది. అంటే సెన్సార్ మీ బండిలో ముందే ఉంది, మనం చేయాల్సింది దాని మాట వినడమే. ఛాంబర్ విప్పక్కర్లేదు, వైరు కొయ్యక్కర్లేదు.

చిక్కల్లా ఏమిటంటే, అన్ని బళ్ళూ ఒకేలా బయటపెట్టే అంకెల్లో కూలెంట్ వేడి, ఆర్‌పీఎం, వేగం ఉంటాయి గానీ ఏటీఎఫ్ వేడి అలా దొరకదు. కంపెనీ సొంత కోడ్‌తో అడగాలి, ఆ కోడ్ మోడల్‌కొకటి. అందుకని డాంగిల్ కంటే ముందు యాప్ చూసుకోవాలి. కార్ స్కానర్ లాంటి యాప్‌లో మీ మోడల్ పేరుతో ప్రొఫైల్ ఉందో లేదో కొనక ముందే ఫోన్‌లో వెతికి చూడండి. టార్క్ ప్రో అనే యాప్‌లో అయితే కోడ్, హెడర్, లెక్క సూత్రం మన చేత్తో ఎక్కించాలి, ఓపిక ఉన్నవాళ్ళకు అది బావుంటుంది. మీ మోడల్‌కు కోడ్ ఎక్కడా దొరక్కపోతే పది వేల డాంగిల్ కొన్నా ఏటీఎఫ్ కనిపించదు.

డాంగిళ్ళలో 500 నుంచి 1,500 రూపాయల మధ్య దొరికే ఈఎల్ఎం 327 అనే చిప్పు నకళ్ళతో వచ్చేవి ఎక్కువ. మామూలు అంకెలకు అవి సరిపోతాయి. కానీ కంపెనీ కోడ్‌కు జవాబు పొడుగ్గా, ముక్కలుముక్కలుగా వస్తుంది. ఆ ముక్కలు అతికించడం దగ్గర నకలు చిప్పులు తడబడి ‘డేటా లేదు’ అనేస్తాయి. కోడ్ తప్పని జనం అనుకుంటారు, తప్పు చిప్పుది. వీలింకర్, ఓబీడీలింక్ లాంటివి మూడు వేల నుంచి పైన ఉంటాయి. ఒక్క ఏటీఎఫ్ కోసమే కొంటున్నారంటే ఈ తేడా పెట్టడం మంచిది. ఐఫోన్ వాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: పాత రకం బ్లూటూత్ డాంగిల్ ఐఫోన్‌తో పనిచేయదు, బీఎల్ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) రకమో వైఫై రకమో అడిగి తీసుకోండి.

పెట్టాక వచ్చే అంకె నిజమో కాదో తేల్చడానికి డబ్బు ఖర్చులేని పరీక్ష ఉంది. రాత్రంతా నీడలో ఆగిన బండిని పొద్దున్నే ఇంజిన్ వెయ్యకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి చూడండి. కూలెంట్, ఇన్‌టేక్ గాలి, ఏటీఎఫ్ మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. తర్వాత పావుగంట నడపండి. కూలెంట్ చకచకా 85 - 90కి పోతుంది, ఏటీఎఫ్ దాని వెనక నెమ్మదిగా పెరగాలి. రెండూ అడుగులో అడుగేసి ఒకేలా పెరుగుతుంటే మీరు చూస్తున్నది కూలెంట్ అంకే, కోడ్ తప్పు. మైనస్ 40 దగ్గర నిలిచిపోతే సెన్సార్ నుంచి కబురు లేదని అర్థం. కంప్యూటర్ పంపే సంఖ్యలోంచి 40 తీసేసి వేడి లెక్కగడతారు, కాబట్టి సున్నా వస్తే మైనస్ 40 చూపిస్తుంది. అదే లెక్కన 215 కనిపిస్తే పైకొసన 255 దగ్గర ఇరుక్కుందని. శ్రీకాకుళంలో ఈ రెండింటిలో ఏదీ నిజమయ్యే అవకాశం లేదు.

యాప్‌లో ఒకేసారి పాతిక మీటర్లు పేర్చుకోకండి. ఏటీఎఫ్, కూలెంట్, ఆర్‌పీఎం, వేగం నాలుగూ చాలు. ఎక్కువ పెడితే ఒక్కో అంకె మారడానికి సెకన్లు పడుతుంది. 115 దగ్గర గొంతుతో అలారం పెట్టుకోండి, ఘాట్ మలుపుల్లో ఫోన్ తెర చూడాల్సిన పని ఉండదు. యాప్‌లో అడాప్టేషన్ రీసెట్ (గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్నది చెరిపేసేది) లాంటి బటన్లు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు.

ఇంకొక్క జాగ్రత్త. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తీసినా సరే. డాంగిల్ 40 మిల్లీ ఆంపులు తాగుతుందనుకుంటే రోజుకు ఒక ఆంప్ అవర్. బండి ఇంటి దగ్గర వదిలి నెలకోసారి హైదరాబాద్ నుంచి వచ్చి తీసేవాళ్ళకు, 40 ఆంప్ అవర్ బ్యాటరీలో 30 అలా పోయాక స్టార్టర్ తిరగదు. దిగేటప్పుడు పీకేయండి.

ఇదే పని ఫోన్ లేకుండా చేసే చిన్న తెరలు, స్కాన్‌గేజ్ లాంటివి, ఉన్నాయి. ఘాట్‌లో ఫోన్‌కు కాల్ వచ్చి తెర మారిపోయే బాధ తప్పుతుంది, ఇంజిన్ ఆపితే అదీ ఆగిపోతుంది. కోడ్ సమస్య దానికీ ఉంది, ధర ఎక్కువ. మార్కెట్‌లో చవగ్గా దొరికే హెడ్అప్ డిస్‌ప్లేల్లో ఎక్కువ భాగం కూలెంట్ వేడే చూపిస్తాయి. పెట్టె మీద ‘ఆయిల్ టెంపరేచర్’ అని ఉన్నా అది ఇంజిన్ ఆయిల్ కావచ్చు. గేర్‌బాక్స్ అన్న మాట లేకపోతే వదిలేయండి.

వైరు గేజ్: ఎవరికి, ఎక్కడ బిగించాలి

కోడ్ దొరకని బండి, ఓబీడీ లేని పాత దిగుమతి బండి, వెనక ట్రైలర్ లాగే బండి, వారానికి నాలుగుసార్లు అరకో కోరాపుటో ఎక్కే టాక్సీ. వీళ్ళకు విడి సెన్సార్, విడి గేజ్ పెట్టించడంలో అర్థముంది. వారంటీలో ఉన్న బండికి మాత్రం వద్దు, ఏటీఎఫ్‌ను చల్లార్చే కూలర్‌కు పోయే పైపు కోసిన బండికి గేర్‌బాక్స్ క్లెయిమ్ ఇప్పించుకోవడం కష్టం. డ్యాష్ మీద గుండ్రటి గేజ్ అందంగా ఉంటుందని పెట్టించుకునేవాళ్ళు వేరే లెక్క.

సెన్సార్ ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి అంకె అర్థమే మారిపోతుంది. ఛాంబర్‌లో పెడితే మొత్తం ఆయిల్ సగటు వేడి తెలుస్తుంది. ఆయిల్ ఎంతకాలం మన్నుతుందో చెప్పేది ఇదే. బాక్సు నుంచి కూలర్‌కు వెళ్ళే పైపులో పెడితే కన్వర్టర్‌లోంచి అప్పుడే వచ్చిన ఆయిల్ వేడి తెలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇక్కడి అంకె ఛాంబర్ కంటే 20 - 30 డిగ్రీలు ఎక్కువకు ఎగిరి, లాకప్ పడగానే దిగిపోవచ్చు. అది చూసి హడలిపోనక్కర్లేదు. తిరిగొచ్చే పైపులో పెడితే కూలర్ చల్లార్చిన ఆయిల్ కనిపిస్తుంది. అందరికంటే తక్కువ అంకె చూపించి ధైర్యం చెప్పే చోటు అది, ఒంటరిగా అక్కడ పెట్టడం వృథా. ఒక్కటే పెట్టేటట్టయితే ఛాంబర్‌లో పెట్టించండి. ఛాంబర్ విప్పడం ఇష్టం లేకపోతే వెళ్ళే పైపు. ఏది వెళ్ళేదో ఏది వచ్చేదో తెలియకపోతే చల్లటి బండి స్టార్ట్ చేసి, కాసేపు నడిపి, రెండు పైపులూ టెంపరేచర్ గన్‌తో చూడండి. వేడిగా ఉన్నది వెళ్ళేది. బయటికి కూలర్ పైపులే రాకుండా, కూలెంట్ తిరిగే చిన్న పెట్టె బాక్సుకే బిగించిన బళ్ళలో ఈ దారి మూసుకుపోయినట్టే.

ఎక్కువ సెన్సార్ల మర 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర), అంగుళానికి 27 చుట్లు, కొసకు సన్నబడే మర. మన షాపుల్లో దొరికే 1/8 బీఎస్‌పీకి (బ్రిటిష్ పైపు మర) 28 చుట్లు. ఎం10 బోల్టు చూపులకు అలాగే ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, అక్కడ పట్టుకుంటుంది. ‘బిగుసుకుంది’ అని మేస్త్రీ వదిలేస్తాడు. నెల తిరక్కుండా అక్కడ ఎర్రటి చెమ్మ కనిపిస్తుంది. సెన్సార్, దాని టీ జాయింటు ఒకే కిట్‌గా కొనడం మేలు.

ఒకే వైరు సెన్సార్‌కు ఎర్త్ దాని ఒంట్లోంచే అందాలి. లీకు భయంతో టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ పోయి గేజ్ వేడి తక్కువ చూపిస్తుంది, పైగా టేపు పోగు తెగి లోపలికి పోతే వాల్వ్ బాడీ సన్నదారుల్లో ఇరుక్కుంటుంది. టేపు వద్దు, మర కొస రెండు చుట్లు వదిలి లిక్విడ్ సీలెంట్ రాయించండి. రబ్బరు పైపు మధ్యలో టీ పెట్టినప్పుడు రెండువైపులా రబ్బరే కాబట్టి ఎర్త్ అస్సలు అందదు, టీకి విడిగా ఎర్త్ వైరు బిగించాలి. రెండు వైర్ల సెన్సార్ అయితే ఈ గొడవ లేదు. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు తిరిగే బళ్ళకు ఉప్పుగాలి ఆ ఎర్త్ కొసను ఏడాదిలో పచ్చగా చేసేస్తుంది కాబట్టి ఆ తీరం వాళ్ళు రెండు వైర్లదే తీసుకోవాలి.

పైపు లోపలి కొలత బండిని బట్టి 8 మిల్లీమీటర్లో 10 మిల్లీమీటర్లో ఉంటుంది, కొలిచి టీ తెప్పించండి. కొత్త హోస్ ఏటీఎఫ్‌కు తట్టుకునేదే కావాలి. రేడియేటర్ నీళ్ళ పైపు ముక్క ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడి ఘాట్‌లోనే ఊడుతుంది. క్లిప్పులు మొదటి వేడి తర్వాత బండి చల్లారాక మళ్ళీ ఒకసారి బిగించాలి.

ఛాంబర్‌లో పెట్టాలంటే దాన్ని పూర్తిగా విప్పి, కడిగి, బయట బల్ల మీద బుషింగ్ (సెన్సార్ బిగించే మర ఉన్న లోహపు ముక్క) వెల్డింగ్ చేయించాలి. బండికి ఉండగానే వెల్డింగ్ పెట్టనివ్వకండి. సెన్సార్ కొన లోపలి ఫిల్టర్‌కు తగలని చోటు, బయట రాయి తగలని పక్కగోడ చూసుకోవాలి. అల్యూమినియం ఛాంబర్ అయితే ఆర్గాన్ వెల్డింగ్ తెలిసిన చోటికే తీసుకెళ్ళాలి, ప్లాస్టిక్ ఛాంబర్ అయితే ఈ దారి వదులుకోవాలి. ఎలాగూ విప్పారు కాబట్టి ఫిల్టర్, గాస్కెట్ కొత్తవి వేయించండి. దిగిన ఆయిల్‌ను కొలిచి, అంతే కొత్త ఏటీఎఫ్ పోయించండి. చాలా బాక్సుల్లో ఛాంబర్ విప్పితే మొత్తం ఆయిల్లో సగానికి తక్కువే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఛాంబర్ బోల్టులు చిన్నవి, వీల్ నట్టు బిగించే ఊపుతో బిగిస్తే బాక్సులో మర ఊడుతుంది, టార్క్ రెంచ్‌తో బుక్కులో ఉన్న అంకెకే బిగించాలి. గేజ్‌కు కరెంటు ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజు నుంచి, మధ్యలో 2 - 3 ఆంపుల ఫ్యూజుతో తీయించండి. వైరు సైలెన్సర్ పైపుకు చెయ్యంత దూరంలో పోవాలి.

గన్, తీగ మీటరు

టెంపరేచర్ గన్ నడుస్తున్న బండిలో పనికిరాదు. ఆగి, వంగి, ఛాంబర్ మీదికి గురిపెట్టాలి. మెరిసే అల్యూమినియం మీద అయితే అబద్ధం చెబుతుంది, 90 డిగ్రీలున్న ఛాంబర్‌ను 50 అని చూపించగలదు. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా తక్కువ వదిలి, చుట్టూ ఉన్నదాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. ఛాంబర్ మీద రెండంగుళాల నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి, ఆ టేపు మీదే చూస్తే సరైన అంకె వస్తుంది. గన్ లేకపోతే కే టైపు థర్మోకపుల్ తీగతో (కొసన వేడి కొలిచే తీగ) వచ్చే మల్టీమీటరు చాలు. తీగ కొసను ఛాంబర్‌కు టేపుతో అతికించి, గాలి తగలకుండా పైన చిన్న ఫోమ్ ముక్క కప్పి, తీగను లోపలికి తెచ్చుకుంటే ఒక ప్రయాణానికి మంచి మీటరే. లోపలి ఆయిల్ కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ చూపిస్తుందని గుర్తుంటే చాలు. కోడ్ దొరకని బండికి గేజ్ అవసరమా కాదా తేల్చుకోవడానికి ముందు ఇలా ఒకసారి ఘాట్ ఎక్కి చూడండి. అంకె 105 దాటకపోతే వెల్డింగ్ ఖర్చు మిగిలినట్టే.

వచ్చిన అంకెతో ఏం చేయాలి

110 దాకా ఘాట్‌లో మామూలే. 120 దాటితే ఆయిల్ ఆక్సిడేషన్ వేగం పుంజుకుంటుంది. పైకి ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు ఇంచుమించు సగానికి పడుతుందని లెక్క. 130 పైన చాలా బాక్సుల కంప్యూటర్లు తామే లాకప్ ముందుగా పట్టడం, ఇంజిన్ బలం తగ్గించడం మొదలెడతాయి. 150 దగ్గర సీళ్ళు గట్టిబడతాయి, క్లచ్ లైనింగ్ కాలుతుంది. మీ బండి బుక్కులో వేరే హద్దు రాసి ఉంటే అదే ప్రమాణం.

అలారం మోగితే మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు కిందికి దించండి. ఆర్‌పీఎం పెరిగితే పంపు ఎక్కువ ఆయిల్ తోస్తుంది, కన్వర్టర్‌లో జారుడు తగ్గుతుంది. లాకప్ పడిందో లేదో కాలితో తెలుస్తుంది: యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రం ఎగిరితే పడలేదు. ఏసీ ఆపండి, రేడియేటర్ మీద బరువు తగ్గుతుంది. చాలా బళ్ళలో ఏటీఎఫ్ చల్లారేది కూలెంట్‌తోనే కదా. అయినా దిగకపోతే సమతలం చూసి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఆపైన పార్క్‌లో పెట్టి ఇంజిన్‌ను 1,000 - 1,200 దగ్గర నడవనివ్వండి. చాలామంది కంగారులో ఇంజిన్ ఆపేస్తారు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, కన్వర్టర్‌లో ఉన్న వేడి ఆయిల్ అక్కడే ఉడుకుతుంది.

ఒక్క అంకె కంటే అది దిగే తీరు ఎక్కువ చెబుతుంది. సుంకి ఎక్కి పైన మైదానంలో పది నిమిషాలు నడిపితే ఏటీఎఫ్ మళ్ళీ కూలెంట్ దగ్గరికి రావాలి. హైవే మీద కూడా కూలెంట్ కంటే 20 డిగ్రీలు పైనే ఉంటోందంటే లాకప్ పట్టడం లేదో, కూలర్ మూసుకుపోయిందో, ఆయిల్ తక్కువుందో చూపించాలి. అదే సమయంలో ఆయిల్ గులాబీరంగు మజ్జిగలా కనిపిస్తే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసింది. బండి ఇంక నడపకుండా టోయింగ్‌కు చెప్పండి.

డాంగిల్ కొన్నవాళ్ళకు ఘాట్ లేని రోజుల్లో కూడా అక్కరకొచ్చే పని ఇంకోటుంది. డిప్‌స్టిక్ లేని బాక్సుల్లో లెవెల్ చూసేది ఓవర్‌ఫ్లో బిరడా తీసి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ ఇంచుమించు 35 - 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. సరైన హద్దు మోడల్‌ను బట్టి కొద్దిగా మారుతుంది. వేడెక్కిన ఆయిల్ ఉబ్బుతుంది కాబట్టి 60 దగ్గర బిరడా తీస్తే ఎక్కువ కారిపోయి, చల్లారాక బాక్సు తక్కువ ఆయిల్‌తో మిగులుతుంది. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో ఆయిల్ స్టార్ట్ చేయక ముందే 40 దగ్గరుంటుంది. లిఫ్ట్ ఎక్కించి గేర్లన్నీ ఒకసారి మార్చేలోపే హద్దు దాటిపోతుంది. షెడ్డులో బండి ముందు రోజు సాయంత్రమే వదిలి, పొద్దున్న తెరవగానే మొదటి పనిగా, మీ ఫోన్‌లో అంకె చూపిస్తూ చేయించండి.